పరీక్షకు ముందే పడ్డ మార్కులు

పోయిన వారం టీచరు హేమలతను బడి బీరువా ముందర నిలబెట్టి వచ్చాం. ఆమె చేతిలో ఐదో తరగతి మార్కుల రిజిస్టరు ఉంది. అందులో తొమ్మిది మంది పిల్లల పేర్లు, పేర్ల పక్కన పెన్సిల్‌తో వేసిన తెలుగు వార్షిక పరీక్ష మార్కులు. అంతా బాగానే ఉంది గానీ, పరీక్ష మర్నాడు. పిల్లలు ఇంకా రాయని జవాబులకు నల్లగుండ్లపల్లె ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు జనార్దన్ సారు ముందురోజే మార్కులు పంచిపెట్టేశాడు.

ఆ రోజు ఆమె ఆ తొమ్మిది అంకెలనూ ఒక కాగితం మీద ఎక్కించుకుని, రిజిస్టరు తీసిన చోటే పెట్టేసింది. నోరెత్తలేదు. పరీక్ష అయ్యాక జవాబు పత్రాల కట్టను సంచిలో వేసుకుని జమ్మలమడుగులో తన అద్దె గదికి తీసుకుపోయింది. ఆదివారం పొద్దున్నే ఎర్రపెన్ను పట్టుకుని కూర్చుని తొమ్మిది పేపర్లూ దిద్దింది. దిద్దిన మార్కుల్నీ, రాసి తెచ్చుకున్న పెన్సిల్ మార్కుల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒళ్లు భగ్గున మండింది.

పెన్సిల్ మార్కులకూ ఒక పద్ధతి ఉంది మరి! ఊరి నడిమధ్య మిద్దెల వీధి పిల్లలకు యాభైకి నలభై పైన. దాని వెనక వీధికి ముప్పై, ముప్పై రెండు. దూదేకుల వీధికి ఇరవై లోపల. ఊరి బయట కాలనీకి పది, పన్నెండు. పంచాయతీ ఆఫీసు దగ్గర బయల్దేరి కాలనీ చివరింటి దాకా నడుచుకుంటూ పోతే దారి పొడుగునా మార్కులు తగ్గుతూ పోతాయన్న మాట. బిడ్డ బుర్రలో ఏముందో చూడనక్కర్లేదు, ఇల్లు ఏ వీధిలో ఉందో తెలిస్తే చాలు. ఎన్నేళ్లుగానో ఒక బడి ఇట్లా నడుస్తోందంటే నడిపిన మనిషిని అనాలా, నడుస్తుంటే చూస్తూ కూర్చున్న అందరినీ అనాలా?

ఇవాళ సోమవారం. తల్లిదండ్రుల సమావేశం. ఏప్రిల్ ఎండ, ఒంటిపూట బడి. తొమ్మిది కాకముందే వరండాలో చాపలు పరిచారు. హేమలత బస్సు దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి సైదాబీ ఎదురుగా నిలబడి ఉంది. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కూలికి పోయే మనిషి. రెప్పల మీద కూడా ఆ తెల్లటి దుమ్ము ఎప్పుడూ ఉంటుంది. పక్కన ఆమె కూతురు షాహీదాబీ, రెండు జడలు, భుజాన బడి సంచి.

"మేడమ్మా, టీసీ ఈ పొద్దు ఇస్తారా? మళ్ల సెలవులంటారు. నాకు కూలి పోతాది."

"టీసీ ఎందుకు సైదాబీ? పెద్దముడియం హైస్కూలుకు మేమే పంపిస్తాం కదా."

"హైస్కూలుకు గాదు మేడమ్మా. ప్రొద్దుటూర్లో మా చెల్లెలు ఉండాది. ఆయమ్మ దగ్గర మిషన్ నేర్చుకుంటాది. జనార్దన్ సార్ చెప్పినాడు గదా, పిల్లకు చదువు ఎక్కదమ్మా, ఊరికే బస్సుల్లో ఎందుకు తిప్పుతావని. సదువుకున్న సార్ చెప్తాంటే నాకేం తెలుసు?"

షాహీదాబీ నేల చూపులు చూస్తోంది. పదకొండేళ్ల పిల్ల. తన సంగతి ఇద్దరు పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే తనకు సంబంధం లేనట్టు నిలబడటం ఆ వయసుకే అలవాటైపోయింది. హేమలత సంచిలో ఆ పిల్ల పేపరు ఉంది. యాభైకి నలభై ఏడు. రిజిస్టరులో పెన్సిల్ అంకె పద్నాలుగు.

"టీసీ సంగతి తర్వాత. నువ్వు లోపలికొచ్చి ముందు వరసలో కూర్చో" అంది హేమలత. ఆ మాట గొంతులోంచి అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. సైదాబీ, తానేదో తప్పు మాట్లాడాననుకుని, కూతురి చెయ్యి పట్టుకుని గబగబా లోపలికి నడిచింది.

పాతిక మంది దాకా వచ్చారు. వరండాలో ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో కృష్ణవేణమ్మ. ఈ బడికి స్థలమిచ్చిన ఇంటి మనిషి, వందెకరాల ఆసామి భార్య. విద్యా కమిటీ చైర్మన్ కాగితం మీద ఆమె కోడలు అర్చన. కుర్చీ మాత్రం అత్తది. కోడలు వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంటుంది. చైర్మన్‌గిరీ ఇంట్లోనే ఉండాలంటే ఇంటి బిడ్డ ఒకరు ఈ బడిలో చదువుతూ ఉండాలని రూలు. అందుకని ఆ ఇంట్లో మనవడు శ్రావణ్ పసుపు వ్యానెక్కి ప్రొద్దుటూరు కాన్వెంటుకు పోతాడు, మనవరాలు సాయిశ్రీ నడుచుకుంటూ ఈ బడికొస్తుంది. ఆడపిల్లను కమిటీ కోసం వదిలేశారని ఊళ్లో అందరికీ తెలుసు. సాయిశ్రీకి ప్రతి పరీక్షలోనూ నలభై ఐదు, నలభై ఆరు వస్తున్నాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ మనసు పీకలేదు.

జనార్దన్ సారు ఆఫీసు గదిలోంచి రిజిస్టరు తెచ్చి హేమలత ముందర బల్ల మీద పెట్టాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఎవరినీ ఎప్పుడూ కసురుకోడు. పిల్లల్ని కొట్టడు. ఊళ్లో మంచి సారని పేరు. అసలు కోపం అదే హేమలతకు. చెడ్డవాడైతే ఎప్పుడో ఎవడో ఒకడు అడిగి ఉండేవాడు.

"అమ్మా హేమలతా, పెన్సిల్ మీద పెన్నుతో దిద్దేసెయ్. పదకొండు లోపల ఆన్‌లైన్‌లో ఎక్కించల్లంట. నేను ఈళ్లతో మాట్లాడతా."

"పేపర్లు దిద్దకుండా ఎట్లా సార్?"

"ఏంది?"

"ఇవి పరీక్షకు ముందురోజు వేసిన మార్కులు. నేను చూశాను. పేపర్లు నేను దిద్దుకొచ్చాను సార్. ఈ మార్కుల మీద పెన్ను పెట్టను."

సారు ముఖం ఎర్రబడలేదు. తప్పిపోయిన పిల్లను దగ్గరికి పిలిచినట్టు నవ్వాడు.

"లోపలికి రామ్మా, మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడుకుందాం సార్. వీళ్ల పిల్లల సంగతే కదా."

"సరే" అన్నాడు సారు. అప్పుడు కొంచెం గొంతు మారింది. "మాట్లాడుకుందాం. ఐదు తరగతులు, ముప్పై ఎనిమిది మంది, ఇద్దరం. పొద్దున వస్తానే బాత్రూముల ఫోటో పెట్టల్ల. గుడ్ల ఫోటో పెట్టల్ల. అన్నం వడ్డించేది ఒక ఫోటో, తినేది ఒక ఫోటో. బూట్ల కొలతలు, సంచుల లెక్క. ఓటర్ల లిస్టు గూడా మన నెత్తినే. పేపర్లు ఎప్పుడమ్మా దిద్దేది? అందరికీ ఎక్కువేస్తే చెక్ చేయను వస్తారు. అందరికీ తక్కువేస్తే మెమో ఇస్తారు. కొందరికి పైన, కొందరికి కింద ఉంటే ఎవురూ రారు. ముప్పై రెండేండ్ల సర్వీసు నాది. పిల్లోని మొగం చూస్తే చెప్తా ఎన్ని మార్కులొస్తాయో."

అందులో సగం నిజం. ఆ సగం హేమలతకు కూడా తెలుసు, రోజూ ఆ ఫోటోలు తీసేది ఆమే. అయినా మిగతా సగాన్ని ఆమె వదిలిపెట్టదలచుకోలేదు.

"మొగం చూసి వేయలేదు సార్ మీరు. వీధి చూసి వేశారు." రిజిస్టరు ఎత్తి అందరికీ కనపడేలా పట్టుకుంది. "మిద్దెల వీధి పిల్లలు ముగ్గురికీ నలభై దాటింది. దూదేకుల వీధిలో ఇద్దరికీ ఇరవై లోపల. కాలనీ వాళ్లు ఇద్దరికి పది, పన్నెండు. ఒక్కరంటే ఒక్కరు కూడా వరస తప్పలేదు. అదేమి విచిత్రం సార్? మొగాలు కూడా వీధుల వారీగా పుడతాయా?"

కాలనీ నుంచి వచ్చిన నారాయణ అనే ముసలాయన, మనవడి కోసం వచ్చినవాడు, చాప మీద నుంచి లేచాడు. "అంటే మా పిల్లోనికి ప్రతిసారి పది మార్కులు వాడు రాసినందుకు గాదా సార్? నేను వాణ్ని బెల్టు తీసుకోని కొడితి గదా సార్!" అన్నాడు.

కృష్ణవేణమ్మ కుర్చీలో కదిలింది. "ఏమమ్మా, నువ్వొచ్చి రెండేండ్లు గాలేదు. సార్ మా మామ కాలం నుంచి ఉండాడు. మార్కులంటే సార్ ఏసేటివి. ఈ బడి స్థలం మా మామ ఇచ్చినాడు. ఇట్ల అరుసుకోను ఇయ్యలే."

"స్థలం మీది పెద్దమ్మా. పిల్లలు అందరివీ" అంది హేమలత. కట్ట విప్పి ఒక పేపరు తీసింది. "షాహీదాబీ. తెలుగు. యాభైకి నలభై ఏడు."

సైదాబీ వినబడనట్టు చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగింది. కూతురు ఇంకా నేల చూపులే చూస్తోంది, కానీ చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

"నలభై ఏడా?" కృష్ణవేణమ్మ నవ్వింది. "బండల ఫ్యాక్టరీకి పోయే దాని కూతురికి నలభై ఏడు, నా మనమరాలికి నలభై ఆరా? బాగుండాది. మా పాపది గూడా చదువు. ఈయమ్మ ఎన్ని ఏసిందో సూస్తాం."

హేమలత పేపరు తీయలేదు. "వద్దు పెద్దమ్మా. తర్వాత మీకు విడిగా చూపిస్తా."

"విడిగా ఎందుకు? ఆయమ్మ కూతురిది అందరి ముందర చదివి నా పాపది మూల్లో చదువుతావా? చదువు."

"పిల్ల ఇక్కడే ఉంది. వద్దు."

"చదువు అంటాండా!"

సాయిశ్రీ తల్లి కొంగు పట్టుకుని స్తంభం వెనకాల నిలబడి ఉంది. హేమలత ఆ పిల్లను చూసింది. ఆ పేపరులో టిక్కు పెట్టే ప్రశ్నలకు తప్ప జవాబులు లేవు. ప్రశ్నలనే అందంగా, గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా మళ్లీ కిందకు దించి రాసింది. నాలుగు పేజీలు. ఐదేళ్లు బడిలో కూర్చుని ఆ పిల్ల నేర్చుకున్నది దించి రాయడమే. తప్పు ఆ పిల్లది కాదు. ఎవరూ ఆ పిల్లను ఒక్కసారైనా చదవమని అడగలేదు. నలభై ఆరు మార్కుల పిల్లను ఎవరడుగుతారు?

పేపరు తీసి చదవకుండా కృష్ణవేణమ్మ చేతికే ఇచ్చింది. ఎర్ర సిరాతో పైన తొమ్మిది అని ఉంది. అక్షరాలు రాకపోయినా అంకెలు కృష్ణవేణమ్మకు తెలుసు.

ఆమె ఆ కాగితాన్ని తిప్పి చూసింది. మళ్లీ తిప్పి చూసింది. "పాపా, ఇట్ల రా" అంది. సాయిశ్రీ వచ్చింది. "ఇది నువ్వు రాసిందేనా? ఏం రాసినావో చదువు."

పిల్ల పెదవులు కదిలాయి. "నాకు రాదు అవ్వా. సార్ ఎప్పుడూ అడగలే" అంది ఏడుపు మింగుతూ. స్తంభం దగ్గర నుంచి అర్చన పరుగెత్తుకుని వచ్చి కూతుర్ని కడుపులో దాచుకుంది. అత్త ముందర ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "నేను మొత్తుకుంటాంటి గదా, పిల్లకు చదవను రాలేదని! ఎవురన్నా విన్నారా? మీకు కుర్చీ గావల్ల!" అని అరిచింది.

కృష్ణవేణమ్మ పేపరు మడిచి చేతిలో పట్టుకుంది. లేచి నిలబడింది. ఆమె లేస్తే చాపల మీద వాళ్లు కూడా లేచారు, అది అలవాటు. నేరుగా సారు దగ్గరికి నడిచింది.

"ఐదేండ్లు" అంది. "ఐదేండ్లు నాకు నలభై ఆరు, నలభై ఆరు అని చెప్తివి. నా ఇంటికొచ్చి మజ్జిగ తాగి చెప్తివి. నా బిడ్డను గుడ్డిదాన్ని జేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టినావు గదా జనార్దనా!"

జీవితంలో మొదటిసారి ఆయన పేరు వెనక సారు లేకుండా ఆ ఊళ్లో వినపడింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. మంచితనం ముఖం మీద నుంచి జారిపోయింది. మూలకు నెట్టబడ్డ మనిషి చేసే పనే ఆయనా చేశాడు. బీరువా దగ్గరికి పోయి ఇంకో రిజిస్టరు తెచ్చి బల్ల మీద కొట్టాడు.

"అంతా నేనేనా? ఇదో, అర్ధ సంవత్సర పరీక్ష. పెన్సిల్ నాది. దాని మీద పెన్ను ఎవురిది? సంతకం ఎవురిది? సూడండి. షాహీదాబీ, పదమూడు. కింద ఎవురు సంతకం పెట్టినారో అడగండి మీ మేడమ్మను!"

హేమలత ఆ పేజీని తన వైపుకు తిప్పుకుని చూసింది.

నిజమే మరి. డిసెంబరులో సారుకు కంటి ఆపరేషన్ అయింది. అంకెలు మసకగా ఉన్నాయి, పెన్నుతో దిద్దమ్మా అన్నాడు. దిద్దింది. ఐదో తరగతి అప్పుడు ఆయన చూసేవాడు, పేపర్లు ఆయనే దిద్ది ఉంటాడనుకుంది. అనుకుందా? జవాబు పత్రాల కట్ట బల్ల మీదే ఉంది. దానికి కట్టిన పురికొస ముడి కట్టింది కట్టినట్టే ఉంది. ఆ ముడి ఆమె చూసింది. చూసి ఊరుకుంది. రెండుసార్లు డీఎస్సీ రాస్తే వచ్చిన ఉద్యోగం. ప్రొబేషన్ పూర్తి కావడానికి అప్పటికి ఆరు నెలలు, ఇప్పటికి రెండు నెలలు. ప్రొద్దుటూరు గుడ్డల అంగడిలో గుమాస్తాగా నిలబడి నిలబడి కాళ్లు వాచిన నాన్న గుర్తొచ్చాడు, సంతకం పెట్టింది. ఇంతసేపూ సారు మీద మండిన కోపం ఇప్పుడు తన మీదికి తిరిగింది, అది ఇంకా ఎక్కువ కాల్చింది.

సైదాబీ చాప మీద నుంచి లేచి బల్ల దగ్గరికొచ్చింది. ఆమెకు చదవడం రాదు. అయినా ఆ సంతకం వైపే చూసింది.

"నువ్వు గూడా ఏసినావా మేడమ్మా?"

"వేశాను సైదాబీ."

"పేపర్ చూడకుండానే?"

"చూడకుండానే."

సైదాబీ తిట్టలేదు. తిడితే బాగుండును. కొంగుతో ముఖం తుడుచుకుని కూతురి సంచి లాగి అందులోంచి ఒక నోటుబుక్కు తీసింది. నడిమి పేజీ చింపి బల్ల మీద పరిచింది.

"అమ్మీ, పెన్ను తీసుకో. జమ్మలమడుగులో పెద్ద ఆఫీసరుకు రాయి. నేను చెప్తా, నువ్వు రాయి."

షాహీదాబీ కూర్చుంది. తల్లి చెప్పింది చెప్పినట్టు కాదు, తల్లి మాటను బడి భాషలోకి తిప్పుకుంటూ రాసింది. మా బడిలో పేపర్లు దిద్దకుండా మార్కులు వేస్తున్నారు. మా వీధిని చూసి వేస్తున్నారు. నాకు చదువు రాదని మా అమ్మకు చెప్పారు. పిల్ల చెయ్యి ఎక్కడా ఆగలేదు. చుట్టూ మూగిన జనం ఆ అక్షరాలనే చూస్తున్నారు. కృష్ణవేణమ్మ కూడా. "రాసినాక ఈడికి తీసుకురా పాపా. కింద మా కోడలు సంతకం జేస్తాది. చైర్మన్ ఆయమ్మే" అంది. అర్చన తలెత్తి అత్తను చూసింది.

పేర్ల దగ్గరికి వచ్చేసరికి పిల్ల చెయ్యి ఆగింది. "అమ్మా, ఎవురెవురి పేర్లు రాయల్ల? మేడం పేరు గూడా రాయల్లనా?"

"రాయి షాహీదా" అంది హేమలత. "మొదట సారు పేరు, తర్వాత నా పేరు. పూర్తిగా రాయి."

"కాదు" అంది సైదాబీ. "మొదట నీదే రాయల్ల. సార్ మీద మాకు లోపల్లోపల అనుమానమే మేడమ్మా, అడిగే ధైర్యం లేక ఊరుకున్యాం. నిన్ను నమ్మినాం."

హేమలత తల ఊపింది. ఏ మెమో అయినా, ఏ విచారణ అయినా ఆ మాట కంటే గట్టిగా తగలదు.

అప్పటిదాకా గోడవారగా నిలబడి ఫోన్‌లో ఏదో నొక్కుకుంటున్న జనార్దన్ సారు తలెత్తాడు. మళ్లీ పాత నవ్వు ముఖానికి వచ్చింది. "రాయనీ, బాగా రాయనీ. టైం పదకొండు గావస్తాంది. ఐదో తరగతి మార్కులు ఇప్పుడే పైకి పంపించినా" అన్నాడు.

"ఏ మార్కులు?" హేమలత ఒక్క అంగలో ఆయన దగ్గరికి వచ్చింది.

"రిజిస్టరులో ఉండే మార్కులే. ఐదో తరగతి ఇప్పుడు నీదే గదమ్మా. నీ లాగిన్‌లోనే పంపినా. నువ్వే గదా చేరినప్పుడు ఇచ్చినావు. ఒకసారి పోయినాక మనం మార్చను కాదు."

సైదాబీకి లాగిన్ అంటే ఏమిటో తెలియదు. సారు ముఖంలో నవ్వు మాత్రం తెలిసింది. చెయ్యి చాచి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. వెలుగుతున్న ఆ అద్దాన్ని ఒకసారి చూసి, తనకు పనికిరాదని, కూతురి చేతిలో పెట్టింది.

"ఏం రాసుండాదో చదువు."

షాహీదాబీ పెన్ను కింద పెట్టి ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాలు. కొంచెం నెమ్మదిగా, ఒక్కటి కూడా పోనివ్వకుండా అందరికీ వినపడేలా చదివింది.

"షాహీదాబీ, ఐదో తరగతి. తెలుగు, యాభైకి పద్నాలుగు. మార్కులు వేసిన టీచర్, బి. హేమలత."